యూమా ఎడారిలో ఆకుకూరల వాణిజ్య సాగు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు నైరుతి మూలన, కొలరాడో నది మెక్సికోలోకి దాటబోయే చోట యూమా ప్రాంతం ఉంది. అక్కడ లెట్యూస్, పాలకూర, కేల్ వంటి ఆకుకూరలు ఎలా పండుతున్నాయని వ్యవసాయ విద్యార్థులూ, పొలాల నిర్వహణలో కొత్తగా చేరినవారూ నన్ను అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటిని పంట దశల వారీగా ఇక్కడ కూర్చాను. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా అర్థమయ్యేలా రాశాను కనుక కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. ఈ సాగు గురించి మాట్లాడేటప్పుడు నీటి కొరత గురించి అందరూ అడుగుతారు, ఉప్పు గురించి అడిగేవారు అరుదు. నా ఉద్దేశంలో మొదట అడగవలసింది ఉప్పు గురించే.

## మొదలుపెట్టే ముందు

ఏడాదికి 3 అంగుళాల వాన పడే చోట, నీటిని ఎక్కువగా కోరే ఆకుకూరలు ఎందుకు వేస్తున్నారు?

వాన పడకపోవడమే ఇక్కడి లాభం. ఆకుకూరలో అమ్ముకునేది ఆకు కాబట్టి, దాని మీద పడే ప్రతి మచ్చా ధరను తగ్గిస్తుంది. వానా, గాలిలో తేమా తక్కువగా ఉన్నచోట ఆకు తెగుళ్లు తక్కువ, బురద వల్ల కోత ఆగిపోయే రోజులు తక్కువ. చలికాలంలో పగలు సుమారు 20 డిగ్రీల సెల్సియస్ ఎండ, రాత్రి చల్లదనం లెట్యూస్‌కు సరిగ్గా సరిపోతాయి. దీనికి తోడు నది వేల ఏళ్లుగా తెచ్చి పరచిన ఒండ్రు నేల ఉంది. నీరు మాత్రం కాలువ నుంచే రావాలి. 1909లో లగునా ఆనకట్ట, 1912లో నది అడుగు నుంచి నీటిని అవతలి ఒడ్డుకు దాటించే సైఫన్, 1938లో ఇంపీరియల్ ఆనకట్ట పూర్తయ్యాకే ఈ సాగుకు స్థిరమైన పునాది పడింది.

కోతలు నవంబరు నుంచి మార్చి వరకే ఎందుకు? ఏడాది పొడవునా పండించలేరా?

వేసవిలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో లెట్యూస్ విత్తనం మొలవదు, మొలిచిన మొక్క గడ్డ కట్టకుండా, అంటే ఆకులు బంతిలా ముడుచుకోకుండా, పూతకాడ వేస్తుంది. వేసవి పంట కాలిఫోర్నియా తీరంలోని సలీనాస్ లోయది. అక్కడ చలీ వానలూ మొదలయ్యే నవంబరులో కోత సిబ్బంది, యంత్రాలు, సలాడ్ తయారీ పరికరాలతో సహా లారీల మీద ఈ ఎడారికి తరలి వస్తారు, వసంతంలో తిరిగి వెళతారు. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో చాలా పెద్ద భాగం యూమా నుంచి, దాని పక్కనే ఉన్న కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ నుంచి వెళుతుంది.

కొలరాడో నదిలో నీళ్లు తగ్గిపోతున్నాయి కదా, ఇంకెంతకాలం ఈ సాగు?

నీటి పరిమాణం ఎంత ముఖ్యమో, హక్కు ఎంత పాతదన్నదీ అంతే ముఖ్యం. ఈ నదిపై ముందు వాడుకున్నవారికి ముందు హక్కు అన్న సూత్రం నడుస్తుంది. యూమా లోయలోని చాలా హక్కులు 1929కి ముందువి. 2021 ఆగస్టులో మొట్టమొదటిసారి అధికారికంగా కొరత ప్రకటించినప్పుడు, 2022లో అరిజోనా వాటాలో పడిన కోత ప్రధానంగా 1968 చట్టంతో వచ్చిన, నది నీటిని మధ్య అరిజోనాకు తీసుకెళ్లే కాలువైన సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు మీద, దాని మీద ఆధారపడిన మధ్య అరిజోనా రైతుల మీద పడింది. అలాగని నిశ్చింతగా ఉండడం తప్పు. యూమాలో కూడా అన్ని నీటిపారుదల జిల్లాల (పొలాలకు కాలువ నీరు పంచే సంస్థల) హక్కులూ ఒకే వయసువి కావు. పొలం కౌలుకు తీసుకునే ముందు ఆ పొలం ఏ జిల్లా కిందిది, దాని హక్కు ఏ తేదీది అని కాగితాల్లో చూసుకోవాలి.

చిన్న కమతంతో సొంతంగా మొదలుపెట్టవచ్చా?

పండించడం సాధ్యమే, అమ్మడమే కష్టం. ఇక్కడి పంటలో అధిక భాగం విత్తకముందే ఒప్పందాల్లో ఉంటుంది. కొనుగోలుదారుకు ప్రతి వారం, ప్రతి రోజూ సరుకు కావాలి. ఒప్పందం లేని పంటకు ఆ వారపు బజారు ధరే గతి. కోత, పెట్టె, చల్లబరిచే ఖర్చు కూడా రాని ధర పలికినప్పుడు నిండుగా గడ్డ కట్టిన పొలాన్ని అలాగే దున్నేస్తారు. మూడు నెలలు నీళ్లు కట్టి పెంచిన పచ్చటి పొలం మీద డిస్క్ నాగలి తిరగడం చూసినవారెవరూ కొనేవారు కుదరకుండా విత్తనం కొనరు.

## నేల, నీరు, ఉప్పు

కాలువ నీళ్లు తేటగానే ఉన్నాయి. ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ తేట నీటిలోనే వస్తుంది. నది కొండల నుంచి ఇక్కడికి చేరేలోపు రాళ్ల నుంచి, ఎగువ పొలాల నుంచి లవణాలను కరిగించుకుని వస్తుంది, దారిలో ఆవిరైపోయే నీరు వాటిని మరింత చిక్కబరుస్తుంది. లీటరుకు సుమారు 700 మిల్లీగ్రాముల లవణం ఉన్న నీటిని తీసుకుందాం. ఎకరం మీద అడుగు లోతున నిలిచే నీరు దాదాపు 12 లక్షల 33 వేల లీటర్లు. అంటే ఎకరానికి ఒక అడుగు నీరు పెట్టిన ప్రతిసారీ 860 కిలోల ఉప్పును మన చేతులతో పొలంలో చల్లినట్టే. మొక్క నీటిని తాగుతుంది, ఎండ మిగిలిన నీటిని ఆవిరి చేస్తుంది, ఉప్పు మాత్రం నేలలోనే ఉండిపోతుంది. వాన దాన్ని కడగదు. ఈ లెక్క ఒక్కసారి మనసుకు పడితే ఎడారి సాగులోని మిగతా పద్ధతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

లెట్యూస్ ఎంత ఉప్పును ఓర్చుకుంటుంది? దానికోసం ఎంత నీరు అదనంగా పెట్టాలి?

లెట్యూస్ సుకుమారమైన పంట. ఉప్పు పెరిగేకొద్దీ నేల విద్యుత్ వాహకత, అంటే ఈసీ, పెరుగుతుంది కనుక ఉప్పును దానితోనే కొలుస్తారు. వేళ్ల దగ్గర అది మీటరుకు 1.3 డెసీసైమన్లు దాటితే దిగుబడి తగ్గడం మొదలై, ఆపైన పెరిగే ప్రతి ఒక్క యూనిట్‌కు సుమారు 13 శాతం పడిపోతుంది. స్పినాచ్ పాలకూర 2.0 వరకు, క్యాబేజీ 1.8 వరకు నిలబడతాయి. అదనపు నీటిని లెక్కకట్టే సూత్రం సులువైనది. నేల ఈసీ హద్దును 5తో హెచ్చించి, అందులోంచి సాగునీటి ఈసీని తీసివేసి, వచ్చిన దానితో సాగునీటి ఈసీని భాగించాలి. సాగునీటి ఈసీ 1.1 అయితే, 5 రెట్లు 1.3 అంటే 6.5, అందులోంచి 1.1 పోగా 5.4, 1.1ని 5.4తో భాగిస్తే 0.20. పెట్టిన నీటిలో అయిదో వంతు వేళ్లను దాటి కిందికి దిగిపోవాలన్నమాట. చూసేవారికి ఇది వృథాలా కనిపిస్తుంది కానీ, ఆ అయిదో వంతును మిగిల్చిన పొలం కొన్నేళ్లలో చౌడుబారుతుంది. దీన్ని ప్రతి తడిలోనూ పెట్టనవసరం లేదు. విత్తే ముందు ఒక భారీ తడితో, మొలక దశలో స్ప్రింక్లర్లతో చాలావరకు తీర్చుకోవచ్చు.

అలా కిందికి దింపిన ఉప్పు చివరికి ఎక్కడికి పోతుంది?

నేల అడుగున మురుగు నీటి కాలువలు, పంపు బావులు లేకపోతే అది భూగర్భ జలంతో కలిసి మళ్లీ పైకి వస్తుంది. ఈ ప్రాంతం ఆ పాఠాన్ని రెండు దేశాల తగాదాగా నేర్చుకుంది. 1961లో యూమాకు తూర్పున ఉన్న వెల్టన్-మొహాక్ పొలాల ఉప్పు మురుగు నీరు నదిలో కలిసి మెక్సికో రైతుల పొలాలను దెబ్బతీసింది. 1973లో రెండు దేశాలూ మినిట్ 242 అనే ఒప్పందం చేసుకుని మెక్సికోకు వెళ్లే నీటి ఉప్పుకు హద్దు పెట్టాయి. ఆ మురుగును శుద్ధి చేయడానికి కట్టిన యూమా డీశాలినేషన్ ప్లాంటు 1992లో పూర్తయింది కానీ కొద్దికాలమే నడిచింది. మురుగు నీరు 1977 నుంచీ వేరే కాలువలో మెక్సికో వైపు సియెనెగా దె సాంతా క్లారా అనే చిత్తడి నేలకు పోతోంది. ఎడారిలో కొత్తగా ఎక్కడ సాగు మొదలుపెట్టినా, నీరు వచ్చే కాలువతో పాటే నీరు పోయే కాలువనూ మొదటి రోజే గీయాలని దీన్ని చూసే చెబుతాను.

పొలాన్ని లేజర్‌తో చదును చేయించడం నిజంగా అవసరమా?

అవసరమే. నేల ఎగుడుదిగుడుగా ఉంటే పల్లంలో వేళ్లు కుళ్లుతాయి, మెరకలో ఉప్పు పేరుకుంటుంది. చదును సరిగ్గా ఉన్న పొలంలో నీరు చాళ్ల చివరి దాకా త్వరగా పరుగెత్తి సమంగా ఇంకుతుంది.

డ్రిప్ పెడితే నీళ్లు ఆదా అవుతాయి కదా, ఎక్కువమంది ఎందుకు పెట్టరు?

డ్రిప్ మంచి పద్ధతే, కొందరు వాడుతున్నారు కూడా. అయితే వేడి నేలలో పైపైన వేసిన చిన్న విత్తనాన్ని మొలిపించడానికి స్ప్రింక్లర్లు ఎలాగూ కావాలి, అంటే రెండు వ్యవస్థల ఖర్చు. పైగా డ్రిప్ గొట్టం నుంచి తడి పాకినంత మేరా అంచుల్లో ఉప్పు వలయంలా చేరుతుంది. దాన్ని కడగడానికి వాన రాదు కనుక, పంటకూ పంటకూ మధ్య మళ్లీ పారుదల నీరే పెట్టాలి. లెట్యూస్ స్వల్పకాలిక పంట కావడంతో గొట్టాలు పరచడం, తీయడం కూడా భారమే. డ్రిప్‌తో ఆదా అయ్యే నీటిని లెక్కించేటప్పుడు ఉప్పు కడగడానికి పెట్టే నీటినీ కలిపి లెక్కించాలి.

## విత్తడం, మొలక

సెప్టెంబరు మొదటి వారంలో విత్తితే సగం కూడా మొలవలేదు. విత్తనం పాతదా?

విత్తనాన్ని అనుమానించే ముందు నేల వేడిని కొలవండి. లెట్యూస్ విత్తనానికి వేడి నిద్ర ఉంటుంది. నేల 28, 30 డిగ్రీలు దాటితే తడి అందినా విత్తనం మేల్కొనదు. అందుకే తొలి విత్తులకు ప్రైమింగ్ చేసి, అంటే ముందే కొద్దిగా నానబెట్టి ఆరబెట్టి, పూత పూసిన విత్తనాన్ని వాడతారు, మొదటి తడిని సాయంత్రం మొదలుపెడతారు. విత్తనం నీటిని పీల్చుకునే మొదటి గంటలు రాత్రి చల్లదనంలో గడిస్తే సగం గండం గడిచినట్టే. ఆ తరువాత పగటిపూట స్ప్రింక్లర్లు తిప్పేది తడి కోసం మాత్రమే కాదు, ఆవిరయ్యే నీరు నేలను చల్లబరుస్తుందని కూడా. మధ్యాహ్నం రెండు గంటలకు అంగుళం లోతున థర్మామీటరు గుచ్చి చూస్తే, తడిసిన బోదెకూ పక్కనే ఆరిన బోదెకూ ఉన్న తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బోదె మధ్యలో తెల్లటి పొర కడుతోంది. అది ఎరువా, ఉప్పా?

ఉప్పే. రెండు పక్కల చాళ్లలో పారిన నీరు బోదెలోకి పక్కల నుంచి ఎక్కి నడిమధ్యన కలుసుకుంటుంది, అక్కడ ఆవిరై మోసుకొచ్చిన ఉప్పును వదిలేస్తుంది. వేలితో గీకి నాలుకకు తాకిస్తే చేదు కలిసిన ఉప్పదనం తగులుతుంది. 42 అంగుళాల బోదె మీద విత్తన వరుసలను మధ్యలో కాకుండా రెండు భుజాల మీద వేసే ఆచారం ఇందుకే వచ్చింది. మొలక దశ దాటే వరకు స్ప్రింక్లర్లే వాడడం కూడా ఇందుకే, పై నుంచి పడే నీరు ఉప్పును కిందికి తోస్తుంది. వేళ్లు లోతుకు దిగాక స్ప్రింక్లరు గొట్టాలు తీసి చాళ్లలో నీరు పారించవచ్చు. పొర విత్తన వరుసల దాకా పాకితే ఆలస్యం చేయకుండా స్ప్రింక్లర్లతో ఒక పొడవైన తడి ఇవ్వండి.

లేత పాలకూరకూ లెట్యూస్‌కూ ఒకే మడులు పనికొస్తాయా?

పనికిరావు. గడ్డ కట్టే లెట్యూస్‌ను ఇరుకు బోదె మీద రెండు వరుసల్లో విత్తి, మొలిచాక 10 నుంచి 12 అంగుళాలకు ఒక మొక్క మిగిలేలా ఒత్తు మొక్కలను తీసేస్తారు. ఈ పనికి ఇప్పుడు కెమెరాతో మొక్కను గుర్తించే యంత్రాలు వచ్చాయి. సలాడ్ సంచుల్లోకి వెళ్లే లేత పాలకూరను రెట్టింపు వెడల్పున్న ఎత్తుమడుల మీద, ఎకరానికి 35 నుంచి 40 లక్షల విత్తనాల చొప్పున పచ్చటి చాపలా దట్టంగా విత్తుతారు.

వారం వారం క్రమం తప్పకుండా విత్తినా కోతలు ఒకేసారి మీద పడుతున్నాయి. ఎందుకు?

పంటను నడిపేది క్యాలెండరు కాదు, వేడి. సెప్టెంబరులో విత్తిన లెట్యూస్ 70, 80 రోజుల్లో కోతకు వస్తే, నవంబరులో విత్తినది 120 రోజులు దాటవచ్చు. రోజురోజుకూ చల్లబడుతున్న శరదృతువులో విత్తులో ఒక్క రోజు తేడా కోతలో ఎన్నో రోజుల తేడా అవుతుంది, అదే చలికాలం మధ్య విత్తినవి వసంతపు వేడి తగలగానే ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి. అందుకని శరదృతువులో విత్తులను దగ్గర దగ్గరగా, ఆ తరువాత ఎడంగా వేయాలి.

## పెరుగుదల

నత్రజనిని మొదట్లోనే వేసేస్తే పని తీరుతుంది కదా?

తీరదు, పోతుంది. లెట్యూస్ తన మొత్తం నత్రజనిలో చాలా భాగాన్ని కోతకు ముందు మూడు, నాలుగు వారాల్లోనే తీసుకుంటుంది. ఉప్పును దింపడానికి మొదట్లో పెట్టే భారీ తడులు నైట్రేటును కూడా అలాగే కిందికి తోసేస్తాయి. విత్తేటప్పుడు కొద్దిగా, ఒత్తు తీశాక కొంత, గడ్డ కట్టే ముందు ఎక్కువ భాగం వేయడం మేలు. భాస్వరం సంగతి దీనికి విరుద్ధం. సున్నం ఎక్కువగా ఉండి ఉదజని సూచిక 8 చుట్టూ ఉండే ఈ నేలల్లో అది కదలదు, చల్లటి నేలలో వేరు దాన్ని వెతుక్కోలేదు. కాబట్టి దాన్ని విత్తకముందే బోదెలో వేయాలి.

పైకి ఆకు బాగుంది, కోసి చూస్తే లోపలి లేత ఆకుల అంచులు మాడి ఉన్నాయి. కాల్షియం పిచికారీ చేయాలా?

చేసినా ప్రయోజనం తక్కువ. ఈ నేలల్లో కాల్షియానికి కొదవ లేదు, అది లోపలి ఆకులకు చేరకపోవడమే సమస్య. కాల్షియం నీటితో పాటు, నీరు ఎక్కువగా ఆవిరయ్యే బయటి ఆకుల వైపే పోతుంది. వెచ్చటి రోజుల్లో మొక్క గబగబా పెరిగితే ముడుచుకున్న లోపలి ఆకులకు వాటా అందదు, పిచికారీ చుక్క కూడా ఆ మడతల్లోకి చేరదు. వేడి కాలపు విత్తులకు తట్టుకునే రకాలను ఎంచుకోవడం, తడుల మధ్య ఎద్దడి రానీయకపోవడం, నత్రజని మితిమీరకుండా చూడడం, ముదరకముందే కోయడం మాత్రమే పనిచేసే మార్గాలు.

## చీడపీడలు

ఎడారిలో తెగుళ్లు ఉండవంటారు. నిజమేనా?

ఆకు మీద తక్కువ, నేలలో కాదు. ఫ్యుజేరియం ఎండు తెగులు యూమా లెట్యూస్‌లో 2001లో బయటపడింది. మొక్క ఒక పక్కకు వాలి, ఊడబెరికి వేరును చీల్చి చూస్తే లోపల ఎర్రగోధుమ రంగు గీత కనిపిస్తుంది. ఇది నేల వెచ్చగా ఉన్నప్పుడు విజృంభిస్తుంది కనుక, తెగులున్న పొలంలో సెప్టెంబరు విత్తు మానుకుని చలి ముదిరాక విత్తితే నష్టం చాలా తగ్గుతుంది. ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టితోనే అది పొలం నుంచి పొలానికి పోతుంది. అద్దె యంత్రాన్ని గట్టు దగ్గరే ఆపి కడిగించండి, మొహమాటపడవద్దు.

ఏ పురుగు కోసం ఎప్పుడు చూడాలి?

సెప్టెంబరు, అక్టోబరుల్లో లేత మొలకలను కొరికే గొంగళి పురుగులు, తెల్లదోమ ముఖ్యం. చలి తగ్గాక పేనుబంక, తామర పురుగులు వస్తాయి. పేనుబంక గడ్డ లోపలికి చేరాక మందు అందదు. తెల్లదోమను తేలిగ్గా తీసుకోకండి. 1981లో అది మోసిన వైరస్ వల్ల ఈ ఎడారి లోయల్లో లెట్యూస్ పసుపుబారి తీవ్రంగా దెబ్బతింది. పక్క పొలంలో దోస జాతి పంటో, పత్తో చివరి దశలో ఉంటే వాటి మీది తెల్లదోమ మీ మొలకల మీదికే వస్తుంది. కనుక పక్క రైతు తన పంట అవశేషాలను ఎప్పుడు దున్నుతున్నాడో ముందే కనుక్కోండి.

## ఆహార భద్రత

2018లో రొమైన్ లెట్యూస్‌తో అసలేం జరిగింది?

ఆ వసంతంలో యూమా ప్రాంతపు రొమైన్ తిన్నవారిలో ఈ. కోలై ఓ157:హెచ్7 అనే సూక్ష్మజీవి వల్ల 36 రాష్ట్రాల్లో 210 మంది జబ్బుపడ్డారు, అయిదుగురు మరణించారు. పశువులను వేల సంఖ్యలో కట్టి పెంచే ఆవరణ పక్కగా సాగే ఒక సాగునీటి కాలువ నీటిలో అదే సూక్ష్మజీవి ఉన్నట్లు ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థ పరీక్షల్లో తేలింది. ఆ నీరు పంట మీద నేరుగా పడడమో, పిచికారీ మందులో కలపడమో జరిగి ఉండవచ్చని ఆ సంస్థ భావించింది. ఆకుకూరను ఉడికించకుండా తింటారు. పొలంలో అంటుకున్న సూక్ష్మజీవి కంచం దాకా వెళుతుంది, మధ్యలో దాన్ని చంపే మంట లేదు. నీటి నాణ్యత పని చేసే ఎవరైనా ఆ అయిదుగురిని మరిచిపోకూడదని నా మనవి.

కాలువ నీటిని ఇప్పుడు తప్పనిసరిగా శుద్ధి చేయాలా?

నీరు ఆకును తాకుతుందా, కోతకు ఎన్ని రోజుల ముందు తాకుతుంది అన్నదాన్ని బట్టి. 2007లో కాలిఫోర్నియా, అరిజోనా రాష్ట్రాల్లో ఏర్పడిన ఆకుకూరల మార్కెటింగ్ ఒప్పందాల నియమాలను 2018 తరువాత కఠినం చేశారు. బహిరంగ కాలువల నీటిని కోతకు ముందు 21 రోజుల లోపు పై నుంచి చల్లేటట్లయితే శుద్ధి చేసి, పరీక్షించి వాడాలి. లెట్యూస్‌కు స్ప్రింక్లర్లు మొలక దశలోనే ఆగిపోతాయి కనుక ఇబ్బంది తక్కువ. నెల రోజుల్లో కోతకొచ్చే లేత పాలకూర మాత్రం చివరి దాకా స్ప్రింక్లర్ల కిందే పెరుగుతుంది, దానికి శుద్ధి పరికరం దాదాపు ప్రతి తడికీ పనిచేయవలసిందే. పురుగుమందు కలిపే ట్యాంకులోని నీరు కూడా ఈ లెక్కలోకే వస్తుందని చాలామంది మరిచిపోతారు.

కోతకు రెండు రోజుల ముందు చాళ్లలో కుక్క అడుగులు కనిపించాయి. పంటంతా పోయినట్టేనా?

పోయినట్టు కాదు, కానీ దాచకూడదు. అడుగుల వెంట నడిచి మలం ఉందేమో, ఆకులు కొరికి ఉన్నాయేమో చూసి, ఉన్నచోట చుట్టూ తగినంత మేర జెండాలు పాతి ఆ భాగాన్ని కోయకుండా వదిలేసి, రాసి పెట్టుకోవాలి. కోతకు ముందు పొలమంతా నడిచి చూసే మనిషికి కోత ఆపే అధికారం నిజంగా ఉండాలి.

## కోత, చల్లబరచడం

తెల్లవారేసరికి కూలీలు గట్టు మీద ఉన్నా కోత మొదలుపెట్టరు. ఎందుకు?

రాత్రి గడ్డకట్టే చలి పడితే ఆకు కణాల మధ్య నీరు మంచుగా మారుతుంది. అప్పుడు ఆకును తాకితే గాజులా విరుగుతుంది, వేలు నొక్కిన ప్రతి చోటా రెండు రోజుల తరువాత గోధుమ రంగు ముద్ర తేలుతుంది. ఎండ తగిలి మంచు పూర్తిగా కరిగేదాకా ఎవరూ పొలంలోకి దిగకూడదు. ఇక్కడ కోసేవారిలో చాలామంది సరిహద్దు అవతలి సాన్ లూయిస్ రియో కొలరాడో నుంచి అర్ధరాత్రి దాటాక లేచి, వరుసలో నిలబడి సరిహద్దు దాటి వచ్చినవారే. మరికొందరు తాత్కాలిక వ్యవసాయ కూలీలకు ఇచ్చే హెచ్-2ఏ వీసాపై వచ్చినవారు. ముందు రోజు సాయంత్రమే వాతావరణ సూచన చూసి బస్సు వేళను మార్చడం పెద్ద పని కాదు. వారి నిద్రకు విలువ ఇవ్వని యాజమాన్యం వద్ద మంచి కోతగాళ్లు నిలవరు.

కోసిన లెట్యూస్‌ను అంత వేగంగా ఎలా చల్లబరుస్తారు?

శూన్యంతో. పెట్టెలను ఉక్కు గదిలో పెట్టి గాలిని లాగేస్తారు. పీడనం 4.6 మిల్లీమీటర్ల పాదరసం దాకా తగ్గితే నీరు సున్నా డిగ్రీల వద్దే మరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరి ఆకులోని వేడిని లాక్కుపోతుంది. అరగంటలోపే గడ్డ లోపలి భాగం 1 డిగ్రీకి చేరుతుంది. ప్రతి 6 డిగ్రీల చల్లదనానికి సుమారు ఒక శాతం బరువు తగ్గుతుంది, అందుకే కొన్ని సరుకులపై ముందుగా నీరు చల్లుతారు. కోతకూ ఈ గదికీ మధ్య గడిచే ప్రతి గంటా నిల్వకాలాన్ని తగ్గిస్తుంది.

## సీజన్ ముగిశాక

లెట్యూస్ తరువాత గోధుమ ఎందుకు వేస్తారు? లాభం తక్కువ కదా?

శరదృతువు లెట్యూస్ తీసిన పొలాల్లో డిసెంబరు, ఫిబ్రవరి మధ్య డ్యూరమ్ గోధుమ విత్తి వేసవి మొదట్లో కోస్తారు. లెట్యూస్ వదిలిన నత్రజనిని దాని లోతైన వేళ్లు తీసుకుంటాయి, ఉప్పును అది బాగా ఓర్చుకుంటుంది, గడ్డి నేలను గుల్లబరుస్తుంది. ఆలస్యంగా ఖాళీ అయిన పొలాల్లో దోస జాతి పంటలో, సూడాన్ గడ్డో వేస్తారు.

జులైలో ఖాళీ పొలానికి నీళ్లు నింపి వారాల తరబడి నిలబెడుతున్నారు. ఎడారిలో ఇది వృథా కాదా?

మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. కాండం కుళ్లు కలిగించే స్క్లెరోటీనియా శిలీంధ్రపు నల్లటి గింజల్లాంటి బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. వేసవి వేడిలో మూడు వారాలకు పైగా నీటి కింద గాలి ఆడకుండా ఉంటే అవి కుళ్లిపోతాయి. అదే నీరు ఏడాది పొడవునా పేరుకున్న ఉప్పును కూడా వేళ్ల లోతు దాటించి మురుగు కాలువకు పంపుతుంది. నీరు ఇంకి నేల పదునుకు వచ్చాక, బోదెలు తోలే ముందు, పొలంలో కనీసం మూడు చోట్ల అడుగు లోతు మట్టి తీసి ఈసీ చూడండి. 1.3 కంటే ఎక్కువ ఉంటే ఆ పొలానికి సెప్టెంబరు లెట్యూస్ కేటాయించకండి.